గాలిమోటరును నిలబెట్టే పని

మా మనూరులో పెద్దవాళ్లు కొందరు విమానాన్ని ఇప్పటికీ గాలిమోటరు అనే అంటారు. మంజీర నది అవతల బీదర్‌లో వైమానిక దళ స్థావరం ఉంది. పైలట్లకు శిక్షణ ఇచ్చే చోటు అది. చిన్నప్పుడు జొన్నచేలో పిట్టల్ని తోలడానికి మంచె ఎక్కితే, చేతిలో వడిసెల ఉండగానే మెడ ఆకాశంలోకి తిరిగిపోయేది. 1996లో సూర్యకిరణ్ విన్యాస బృందం బీదర్‌లోనే పుట్టింది. 2011 దాకా వాళ్లు నడిపినవి హిందూస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) తయారుచేసిన కిరణ్ విమానాలు. నారింజ ఎరుపు, తెలుపు రంగుల్లో తొమ్మిది విమానాలు ఒకే పక్షిలా వంపు తిరిగేవి. అవన్నీ ఆ తర్వాత ఏమయ్యాయన్నది అప్పటినుంచీ నన్ను వదలని ప్రశ్న.

పదవీ విరమణ చేసిన యుద్ధవిమానాల్లో చాలావరకు తుక్కుకింద పోతాయి. పనికొచ్చే భాగాలు విప్పుకుంటారు. అదృష్టం ఉన్నవి కొన్ని మ్యూజియానికో, ఒక స్తంభం మీదికో చేరతాయి. 1963లో వైమానిక దళంలో చేరిన మిగ్-21కి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. ఇలాంటి వీడ్కోలు జరిగినప్పుడల్లా మాకొకటి కావాలని అడిగే ఊళ్లు, కాలేజీలు ఉంటాయి. నాకూ ఆ కోరిక ఉంది. మా నారాయణఖేడ్‌లో పిల్లలు వెళ్లి చుట్టూ తిరిగి చూసే చోట ఒక కిరణ్ నిలబడాలి. వాళ్ల తాతలు తల ఎత్తి చూసినదాన్ని వాళ్లు చేత్తో తాకి చూడాలి.

అయితే ఆ కోరికను భయపెట్టే దృశ్యం ఒకటి చూశాను. ఒక పట్టణంలో, ఒక విద్యాసంస్థ గేటు ముందు సిమెంటు దిమ్మె మీద జెట్ విమానం ఉంది. కాక్‌పిట్ పైకప్పు పగిలి, లోపల వాననీళ్లు నిలిచి, సీటు మీద పావురాల రెట్ట గడ్డకట్టింది. ఎవరో మంచి ఉద్దేశంతోనే మొత్తానికి వెండిరంగు పెయింటు కొట్టించారు. ఆ రంగు కింద విమానం నంబరు పోయింది, స్క్వాడ్రన్ గుర్తు పోయింది. అది ఏ విమానమో, ఎక్కడ ఎగిరిందో చెప్పే ఆనవాలు ఒక్కటీ మిగల్లేదు. తెచ్చిననాడు బాజాలు మోగే ఉంటాయి. ఆ తర్వాత ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా జరగాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు తేల్చుకోవలసింది, విమానాన్ని మళ్లీ ఎగిరించాలా, నిలబెట్టి కాపాడాలా అన్నది. ఈ రెండు దారులూ మొదటి రోజే విడిపోతాయి. ఎగిరించాలంటే బలం తగ్గిన ప్రతి భాగాన్నీ మార్చాలి, అది ఎంత పాతదైనా, ఎంత చరిత్ర ఉన్నదైనా. నిలబెట్టాలంటే వీలైనంత పాతదాన్ని అలాగే ఉంచాలి. మొదటి దారికి మన దేశంలో మంచి ఉదాహరణ ‘పరశురామ’ అని పేరు పెట్టిన డకోటా. తుక్కుగా మారుతున్న ఆ పాత విమానాన్ని రాజీవ్ చంద్రశేఖర్ కొని, బ్రిటన్‌లో బాగుచేయించి వైమానిక దళానికి ఇచ్చారు. ఆయన తండ్రి డకోటా పైలట్. 2018 ఏప్రిల్‌లో అది తన రెక్కల మీదే ఇంగ్లండు నుంచి భారత్‌కు ఎగిరి వచ్చింది. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో సైనికుల్ని దించిన డకోటా జ్ఞాపకంగా దానికి వీపీ 905 నంబరు ఇచ్చారు. హైదరాబాదుకు కూడా డకోటా కొత్త కాదు, నిజాం కాలపు డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి అవే. కాని అలా ఎగిరించడానికి పెద్ద వర్క్‌షాపు, లైసెన్సున్న ఇంజనీర్లు, తెగని డబ్బు కావాలి. ఒక ఊరు, ఒక కాలేజీ, ఒక పురపాలక సంఘం చేయగలిగింది రెండో దారే. తెలుగునాట ఆ దారిలో జరిగిన అతిపెద్ద పని విశాఖపట్నం బీచ్ రోడ్డులో కనిపిస్తుంది.

అక్కడున్నది టీయూ-142. జలాంతర్గాముల్ని వెతికే రష్యన్ విమానం. 1988లో మన నౌకాదళం ఎనిమిదింటిని తీసుకుంది. గోవాలో మొదలై, తర్వాత అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాళి నుంచి పనిచేశాయి. 2017 మార్చి 29న విరమణ. ఏప్రిల్ 8న వాటిలో ఒకటి చివరిసారిగా ఎగిరి విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాలో దిగింది. పొడవు 53 మీటర్లు, రెక్కల కొన నుంచి కొనకు 50 మీటర్లు, ఖాళీగా ఉన్నా సుమారు 90 టన్నులు. డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని మ్యూజియంగా ప్రారంభించారు. రన్‌వే మీద దిగిన విమానం సముద్రం ఒడ్డున జనం నడిచే ఇల్లుగా మారడానికి ఎనిమిది నెలలు పట్టింది. మా ఊహలోని కిరణ్‌కు ఇది పెద్దన్న. చిన్న కిరణ్‌కైనా, 90 టన్నుల టీయూకైనా పని వరుస ఒకటే.

విమానం కన్నా ముందు నేల సిద్ధం కావాలి. ఇది చాలామంది చివరికి వదిలేసే సంగతి. విశాఖలో ఇసుక, ఉప్పుగాలి. మా వైపు నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు చీలికలు తీసే నేల అది. చెయ్యి దూరేంత పగుళ్లలో దూడ కాలు ఇరుక్కోవడం మేము చూసినదే. అలాంటి నేల మీద రెండడుగుల లోతు దిమ్మె పోస్తే మూడో వానాకాలానికి ఒక పక్కకు ఒరుగుతుంది. విమానం మూడు కాళ్ల మీద నిలిచే వస్తువు. ఒక కాలు కింద నేల కుంగితే ఆ మెలి వెన్ను దాకా పాకుతుంది. కాబట్టి రేగడిని తవ్వి తీసేసి మొరం తగిలేదాకా పోవాలి. పునాది అక్కడినుంచి లేపాలి. నీళ్లు దిమ్మె చుట్టూ ఆగకుండా వాలు పెట్టాలి. పైన రేకుల కప్పు వేయగలిగితే అంతకన్నా గొప్ప సంరక్షణ లేదు. ఎండ, వడగళ్లు, పిట్టలు అనే ముగ్గురు శత్రువులను ఆ కప్పు ఒక్కటే ఆపుతుంది. మా నారాయణఖేడ్ ప్రాంతంలో వేసవి చివర పడే వడగళ్లకు మామిడికాయలే కాదు, ఇళ్ల మీది పెంకులు కూడా నిలవవు. ఎండకు పెళుసెక్కిన కాక్‌పిట్ పైకప్పు ఎంతసేపు ఆగుతుంది?

నేల సిద్ధమయ్యాక విమానాన్ని నిరపాయం చేయాలి. ఈ పనిని వాయుసేన, నౌకాదళ సాంకేతిక సిబ్బందే చేయాలి, ఇతరులు ముట్టుకోకూడదు. కిరణ్‌లో పక్కపక్కన రెండు ఎజెక్షన్ సీట్లు ఉంటాయి. ప్రమాదంలో పైలట్‌ను పైకి విసిరేసే ఆ సీటు కింద ఉన్నది నిజమైన మందుగుండు. విమానం ముసలిదైనా మందు ముసలిది కాదు. ఆ తూటాలు తీసేశామని కాగితం మీద సంతకం ఉండాలి. నిప్పునార్పే సీసాలకు, ఇంధన ట్యాంకులను కిందికి జారవిడిచే కొక్కేలకు కూడా చిన్న తూటాలుంటాయి. తర్వాత ఇంధనం. ట్యాంకు ఖాళీ చేస్తే సరిపోదు, మిగిలిన ఆవిరే అసలు ప్రమాదం, దాన్ని కూడా గాలితో తోసేయాలి. హైడ్రాలిక్ నూనె, ప్రాణవాయువు సీసాలు, బ్యాటరీలు అన్నీ బయటికి రావాలి. ఇంకా పాత విమానాలైతే చీకట్లో మెరిసే గడియారాల అంకెలకు రేడియం పూత ఉంటుంది. ఆ గాజు విప్పి తుడవాలని ఎవరూ అనుకోకూడదు. దాని ధూళి ఊపిరిలోకి పోకూడదు.

అప్పుడు కెమెరా, నోటుపుస్తకం. ఒక్క మర కూడా విప్పకముందు విమానాన్ని అన్ని వైపుల నుంచీ, ప్రతి మూత తెరిచి, ఫోటో తీయాలి. నంబర్లు, అచ్చులు, చేతిరాతలు, గీతలు. మెకానిక్ ఎవరో తలుపు లోపలి వైపు సుద్దతో రాసిన అంకె కూడా. తర్వాత విప్పే ప్రతి ముక్కకూ చీటీ, ప్రతి గుప్పెడు మరలకూ సంచి, సంచి మీద ఎక్కడిదో రాత. మా ఊళ్లో బండి విప్పే వడ్లాయన ప్రతి ఆకు మీద ఉలితో గాటు పెట్టేవాడు. మళ్లీ బిగించేటప్పుడు గాటుకు గాటు కలవాలి. చదువు రాని ఆ మనిషి చేసింది, పెద్ద మ్యూజియాల్లో పట్టాలున్నవాళ్లు చేసేది ఒకటే పని. ఎక్కడిది అక్కడికే పోవాలి, అంతే. ఒకే రకంగా కనిపించే రెండు బోల్టుల్లో ఒకటి ఉక్కు, ఒకటి అల్యూమినియం కావచ్చు. తారుమారైతే కొన్నేళ్ల తర్వాత వాటి చుట్టూ లోహం కొరుక్కుపోయి ఉంటుంది.

విప్పడం, మోయడం చూసేవాళ్లకు ఉత్సవంలా ఉంటుంది. చేసేవాళ్లకు గుండె దడ. టీయూ-142 నాలుగు ఇంజన్లకూ ఒకే ఇరుసు మీద ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. ఒక్కో ఇంజనుకు ఎనిమిది రెక్కలన్నమాట. సుమారు 15 వేల అశ్వశక్తి ఇంజను అది. ఇంత పెద్దదాన్ని విప్పేటప్పుడు ముందు ప్రొపెల్లర్లు, తర్వాత ఇంజన్లు, తర్వాత రెక్కలు, తోక అనే వరుస పాటిస్తారు. ఒక వైపు ఇంజను తీసిన వెంటనే రెండో వైపు కూడా తీయాలి, లేదా జాకీ పెట్టి ఆపాలి. ముక్కు బరువు తగ్గితే విమానం తోక మీద కూలబడుతుంది. జాకీని కూడా ఎక్కడపడితే అక్కడ ఆనించకూడదు. తయారీదారు గుర్తు పెట్టిన చోట్లే ఎముక ఉంటుంది, మిగతాదంతా చర్మం. కిరణ్ అయితే రెక్కలు విప్పి, మధ్యభాగాన్ని పరుపు వేసిన ఉయ్యాలలాంటి చట్రంలో కూర్చోబెట్టి, లారీ మీద తేవచ్చు. దారిలో కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు, కల్వర్టుల వెడల్పు ముందే కొలుచుకోవాలి. చెరకు బండ్లు తోలే కాలంలో మా రోడ్లు ఎరిగినవాళ్లు ఆ నెలలను తప్పిస్తారు.

ఇప్పుడు అసలు పని దగ్గరికి వచ్చాం. లోహం జబ్బు.

సిల్వర్ గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా ఉంచొద్దని ఇంట్లో ఎందుకంటారో తెలిసిన వాళ్లకు విమానం జబ్బు సగం అర్థమైనట్టే. ఆ గిన్నె అల్యూమినియం. పులుపూ ఉప్పూ కలిసి దాని మీద తెల్లటి మచ్చలు లేపుతాయి, తర్వాత సూదిమొన రంధ్రాలు. విమానం చర్మం కూడా అల్యూమినియమే, కాని ఒట్టిది కాదు. బలం కోసం అందులో సుమారు నాలుగు శాతం రాగి కలుపుతారు, డ్యూరాల్యూమిన్ అంటారు. ఆ రాగి బలాన్నీ ఇస్తుంది, జబ్బునూ తెస్తుంది. ఒట్టి అల్యూమినియం కన్నా అది తొందరగా పాడవుతుంది. అందుకే పైనా కిందా ఒట్టి అల్యూమినియం పలుచని పొర అతికిస్తారు. ఎవరైనా ఉత్సాహంగా ఇసుక కాగితం పెట్టి విమానాన్ని అద్దంలా రుద్దితే ఆ రక్షణ పొరే లేచిపోతుంది. మెరిసిన విమానం ఆ మెరుపు కిందే చావడం మొదలుపెడుతుంది. ఇసుకను యంత్రంతో చిమ్మి శుభ్రం చేయడం ఇంకా ఘోరం. పాత రంగు తీయాలంటే మెత్తటి రేణువులు గాని, రంగును కరిగించే మందు గాని వాడాలి. ఆ పనిలో ముఖానికి మాస్కు తప్పనిసరి. పాత ప్రైమరులో క్రోమేటు ఉంటుంది. పసుపూ ఆకుపచ్చా కలిసిన ఆ రంగు లోహానికి మందు, మనిషి ఊపిరికి విషం.

తుప్పు ఎక్కడుందో కళ్లకు సులువుగా దొరకదు. పైన రంగు బుడగలా లేచిన చోట గోరుతో నొక్కితే కింద తెల్లటి పొడి, సున్నం పట్టినట్టు. మందమైన భాగాల్లో లోహం పరోటా పొరల్లా విచ్చుకుంటుంది. అలా విచ్చుకుంటే ఆ ముక్కకు మందు లేదు, కోసి తీయడమే. అన్నిటికన్నా మోసం ఉక్కు, అల్యూమినియం తగిలే చోటు. ఆ రెండింటి మధ్య తేమ చేరితే అది చిన్న బ్యాటరీ అవుతుంది, అరిగేది అల్యూమినియం. నీళ్లలో ఉప్పు ఉంటే ఆ బ్యాటరీ మరింత చురుకు. విశాఖలో టీయూకు ఎదురుగా ఇసుకలో నిలిచిన కురుసుర జలాంతర్గామి కూడా ఇదే ఉప్పుగాలితో 2002 నుంచి పోరాడుతోంది. ఆ బీచ్ రోడ్డులో నిలబడి పెదవి నాలుకతో తడుపుకుంటే ఉప్పు తగులుతుంది. ఆ ఉప్పే రాత్రింబవళ్లు ఆ విమానం మీద కూడా కూర్చుంటుంది. ఈ లెక్కన మా మనూరు గాలి పొడిగా ఉండడం విమానానికి వరం. ఎడారుల్లో వేల పాత విమానాలను దాచిపెట్టడానికి అమెరికా అరిజోనాను ఎంచుకున్నది ఇందుకే.

పాడైన ముక్కను మార్చే పని ఓపిక పరీక్ష. పాత రివెట్టు తల మధ్యలో సన్నగా తొలిచి, తల ఎగరగొట్టి, కాడను కిందికి తోయాలి. తొలిచే మొన వంకరపోతే రంధ్రం పెద్దదై, ఆ పక్క ముక్క కూడా పాడవుతుంది. కొత్త రేకును పాత రేకు మీద పెట్టి రంధ్రాలు కలిపి, తాత్కాలిక పిన్నులతో ఆపి, ఒక్కో రివెట్టూ కొట్టాలి. దీనికి ఇద్దరు కావాలి. బయట ఒకరు సుత్తి యంత్రంతో, లోపల ఒకరు బరువైన ఇనుప దిమ్మ ఆనించి. వాళ్లు ఒకరికొకరు కనపడరు, చప్పుడుతోనే మాట్లాడుకుంటారు. కొన్ని రకాల రివెట్లను వేడిచేసి చల్లార్చాక, గట్టిపడకుండా ఐస్‌పెట్టెలో దాచి, బయటికి తీసిన కొద్దిసేపట్లోనే కొట్టేయాలి. ఆలస్యమైతే తల చీలుతుంది. నారాయణఖేడ్ ఐటీఐ పిల్లలకు ఈ పని నేర్పితే వాళ్లు నేర్చుకుంటారని నా నమ్మకం. ట్రాక్టరు ట్రాలీకి రేకులు అతికే చేతులు మాకు కొదువ లేదు.

ఇంత దూరం వచ్చాక ఒక పాత సంగతి చెప్పాలి. మా నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది, అంతా నిజాం రాజ్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ వైమానిక దళంలో ఒక స్క్వాడ్రన్‌కు విమానాలు వచ్చాయి. అదే 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్. డీహెచ్ 9ఏ అనే బాంబర్లు, కర్ర చట్రం మీద గుడ్డ చుట్టినవి, 400 అశ్వశక్తి లిబర్టీ ఇంజను. ప్రతి విమానం మీద హైదరాబాద్ పేరు రాశారు. వాటిలో ఎఫ్ 1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్లి శత్రువు చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. జర్మన్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో విజయచిహ్నంగా పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే అక్కడి విమానాలను తూర్పుకు తరలించారు. అలా అది పోలండ్ చేరింది. క్రాకో మ్యూజియంలో మిగిలి, 1977లో ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానికి బదులుగా లండన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి వచ్చింది.

వచ్చింది మొండెమే. రెక్కలు లేవు. వాటిని మొదటి నుంచి కొత్తగా కట్టారు. 1983 నుంచి అది ప్రదర్శనలో ఉంది. కర్ర, గుడ్డ విమానం బాగుచేయడం వేరే లోకం, తెలుసుకోదగ్గ లోకం. వంకరలేని, ముడులులేని కర్రను ఎంచి సన్నని పక్కటెముకలు చేస్తారు. ఆ కాలంలో జిగురు చాలాచోట్ల పాల విరుగుడు నుంచి తీసిందే, తడి తగిలితే బూజుపట్టి వదిలేసేది. పక్కటెముకల మీద నార గుడ్డ కప్పి, పరుపు కుట్టినట్టు పైనుంచి కిందికి దారం లాగి ప్రతి ఎముకకూ కుడతారు. తర్వాత డోప్ అనే ద్రవం పూస్తారు. అది ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుని, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ఒక పూత, ఆరాక మరో పూత, ఇలా చాలా పూతలు. ఎండకు గుడ్డ చివకకుండా మధ్యలో అల్యూమినియం పొడి కలిపిన పూత. తడి రోజున పూస్తే తెల్లగా మసకబారుతుంది. డప్పు చర్మం కాచి బిగించేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎఫ్ 1010 నాకు నేర్పింది ఒకటే. బెర్లిన్‌లో దాన్ని పెట్టుకున్నవాళ్లు దానికి శత్రువులు, అయినా దాని నంబరు చెరపలేదు. ఆ నంబరు వల్లే 59 ఏళ్ల తర్వాత అది ఏ స్క్వాడ్రన్‌దో, ఎవరి సొమ్ముతో పుట్టిందో, ఏ రోజు నేలకు దిగిందో తెలిసింది. మన దేశంలో కొన్నిచోట్ల మన విమానాలకే మనం ఆ మర్యాద చేయడం లేదు.

అందుకే రంగు పని మొదట విచారణలా సాగాలి. ఒక మూల రూపాయి బిళ్లంత చోట మెత్తటి కాగితంతో వాలుగా రుద్దుతూ పోతే, పొరలు చెట్టు మొద్దులోని వలయాల్లా బయటపడతాయి. పైన బూడిదరంగు, కింద తెలుపు, దాని కింద నారింజ ఎరుపు. ఆ నారింజ ఎరుపు కనపడితే అది ఒకప్పుడు సూర్యకిరణ్ కావచ్చు. దొరికిన ప్రతి పొరనూ ఫోటో తీసి, రంగు పట్టికతో పోల్చి, అక్షరాల ఎత్తు స్కేలుతో కొలిచి, పారదర్శక కాగితం మీద గీసుకోవాలి. ఆ పైనే రంగు ఎంపిక. విమానం జీవితంలో ఏ ఏడాది రూపాన్ని చూపిస్తున్నామో నిర్ణయించి, ఆ ఏడాదికి కట్టుబడాలి. ఒక చిన్న భాగంలో పాత రంగును అలాగే ముట్టకుండా వదిలేయాలని నా గట్టి అభిప్రాయం. రేపు మనకన్నా తెలిసినవాళ్లు వస్తారు, వాళ్లకు ఆధారం కావాలి. ఇక వేసే పద్ధతి అందరికీ తెలిసిందే. శుభ్రం చేసిన లోహానికి ఎపాక్సీ ప్రైమర్, దాని మీద ఎండను తట్టుకునే పాలీయురెథేన్. గోడకు కొట్టే వెండిరంగు డబ్బా ఆ దరిదాపుల్లోకి రాకూడదు.

మళ్లీ బిగించేటప్పుడు విమానం బరువు టైర్ల మీద పడనివ్వకూడదు. కాళ్లలోని షాక్ అబ్సార్బర్లలో గాలి, నూనె తీసేశాక అవి కూలబడతాయి కాబట్టి లోపల ఉక్కు గొట్టం బిగించి ఎత్తు నిలుపుతారు. టైర్లు నేలను తాకీ తాకనట్టు ఉండాలి. జనం లోపలికి వెళ్లే విమానమైతే మెట్లు, నడిచే దారి విమానం శరీరానికి భారం వేయకుండా సొంత కాళ్ల మీద నిలవాలి. విశాఖలో నేను టీయూ లోపల నడిచినప్పుడు నా వెనక ఒక బడి పిల్లల వరుస వచ్చింది. వాళ్ల అడుగుల బరువంతా తగిలేది విమానం లోపలి నేలకే గదా అని అప్పుడే తోచింది. బయటి హాలులో ఇంజను, ప్రొపెల్లరు, సముద్రంలోకి జారవిడిచి జలాంతర్గామి చప్పుడు వినే సోనోబాయ్‌లు ఉన్నాయి. ఆ వినే పనిని చూపించకపోతే అంత విమానమూ పెద్ద రేకు గొట్టంగానే మిగిలేది.

విమానాన్ని నేలకు కట్టేయడం కూడా బిగింపులో భాగమే. నిలబెట్టిన విమానానికి ఇంజను లేకపోయినా రెక్క రెక్కే. ఎదురుగాలి కొడితే అది లేవాలనే చూస్తుంది. గాలి వేగం రెట్టింపైతే లేపే బలం నాలుగు రెట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. చిన్న శిక్షణ విమానాన్ని నేల నుంచి లేపడానికి ఆ గాలి చాలు. మూడేళ్ల తర్వాత అదే తీరంలో టీయూను నిలబెట్టినవాళ్ల ముందు ఆ తుపాను జ్ఞాపకం ఉండే ఉంటుంది. మా వైపు తుపాను రాదు గాని, మే నెల గాలిదుమారం రేకుల కప్పులను పక్క చేనులో పడేస్తుంది. కాబట్టి పునాదిలోనే కొక్కేలు పోసి, కాళ్లనూ రెక్కల కింది కట్టుచోట్లనూ ఉక్కు తాళ్లతో బంధించాలి. చుక్కాని, రెక్క అంచుల కదిలే రేకులు కొట్టుకోకుండా లోపలి నుంచి తాళం వేయాలి. ఇంజను నోరు, తోక గొట్టం, ప్రతి చిన్న గాలి రంధ్రం వల పెట్టి మూయాలి. వల అనడంలో అర్థం ఉంది. పూర్తిగా మూసేస్తే లోపల తేమ ఆవిరై, గోడలకు చెమటలా పట్టి, అక్కడే జబ్బు మొదలవుతుంది. గాలి ఆడాలి, పావురం దూరకూడదు. మా ఊళ్లో ఇంకొకరిని కూడా లెక్కలో పెట్టుకోవాలి, కోతులు. అందుకే కంచె కన్నా కప్పు ముఖ్యమని మళ్లీ చెబుతున్నాను.

విమానం తెచ్చే కమిటీలో మొదటి రోజే ఒక మనిషి పేరు రాయాలి. ఆ విమానాన్ని కడిగే మనిషి పేరు. సముద్రం పక్కనైతే తరచుగా, మా దగ్గరైతే నెలకోసారి, మంచినీళ్లతో, మెత్తటి సబ్బుతో, పైనుంచి కిందికి. బోరు నీళ్లలో ఉప్పుంటే మంజీర నీళ్లు తేవాలి. పిట్ట రెట్ట కనపడిన రోజే తుడవాలి, అది రంగును కొరుకుతుంది. కాక్‌పిట్ పైకప్పు ప్లాస్టిక్‌ది, దాన్ని పొడిగుడ్డతో రుద్దకూడదు, దుమ్ము గీతలు పడతాయి. ముందు నీళ్లు, ఆ తర్వాత చేయి. ఒక పుస్తకంలో తేదీ, ఏ మూల బుడగ లేచింది, ఏ మర వదులైంది రాయాలి. మొన్న నేను ఇదంతా చెబుతుంటే మా పెద్దబాపు అడిగాడు, ‘ఎగురని గాలిమోటరుకు గింత సేవెందుకురా?’ అని. ఆయన చావడిలో, 20 ఏళ్లుగా కట్టని కచ్చడం బండి చక్రాలకు ఏటా దసరాకు ఆముదం పెడతాడు. ఆ సంగతి గుర్తు చేశాను. కాసేపు ఊరుకుని, ‘అయితే పొట్ట కింద కూడా చూడుమను. బండికైనా ఇరుసే ముందు పోతది’ అన్నాడు.

సరిగ్గా అదే చూడాలి. విమానం పొట్ట కింద, వెన్ను పొడవునా, లోపలి నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, పైన నీళ్లు పోసి కింద కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. ధార కడుతున్న చోట దారి తెరిచే ఉంది. కట్టని చోట సన్నని మెత్తటి తీగ పెట్టి నెమ్మదిగా తిప్పాలి. కందిరీగ కట్టిన మట్టిగూడు ముక్కలై రాలుతుంది, వెనకే ఎర్రటి నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు.